సున్నాలు లేని జిలియన్

ఇంగ్లీషులో "జిలియన్" అనే మాటంటే నాకు భలే సరదా. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. మరి జిలియన్‌కు ఎన్ని సున్నాలు? ఒక్కటీ లేదు! మిలియన్‌ను చూసి సరదాకు కల్పించిన మాట అది. ఇంగ్లీషు తల్లి బిడ్డతో "జిలియన్ సార్లు చెప్పాను" అన్నదంటే, విసిగిపోయిందన్నమాట! థర్టీన్, ఫోర్టీన్‌ల తోక తగిలించుకున్న "అంప్టీన్" కూడా ఇంతే.

కాని "గూగోల్" అలా కాదు. అమెరికా గణితవేత్త ఎడ్వర్డ్ కాస్నర్ మేనల్లుడు తొమ్మిదేళ్ల వయసులో పెట్టిన పేరది. వినటానికి వేళాకోళంగా ఉన్నా, అది 1 పక్కన సరిగ్గా 100 సున్నాలు గల సంఖ్య.

కబుర్లకు జిలియన్ చాలు. బాకీ తీర్చేటప్పుడూ, మందు తాగేటప్పుడూ మాత్రం అంకె కావాలి, పిల్లలూ!