చెలియలికట్ట

సముద్రపు ఒడ్డుకు మన ప్రాచీనులు పెట్టిన పేరు చెలియలికట్ట. ఎంత పొంగినా కడలి ఆ కట్టను దాటదని, మర్యాద మీరని మహాత్ములకు అదే సాటి అని కావ్యాలు చెబుతూ వచ్చాయి. అయితే అమరకోశం 'వేల' అనే ఒక్క పదానికే హద్దు అనీ, సముద్రజలాల పొంగు అనీ అర్థాలు చెప్పింది. హద్దూ, దానిని మీరే పొంగూ ఒకే మాటలో ఎట్లా ఇమిడాయన్నది చిరకాలంగా నా సందేహం.

సమాధానం నిఘంటువులలో దొరకలేదు. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరాన దొరికింది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతున్న ఒక సాయంకాలం, దూరంగా మెరకమీద నిలిచి గడియారం చూస్తూ అలలను లెక్కించాను. సుమారు పది సెకన్లకొకటి చొప్పున లేచిన అల దూరంలోనే విరిగి, నురగగా మారి, నీరసించి ఒడ్డు చేరేది. ఆర్భాటమంతా దానిదే. కాని రెండు నిమిషాలకొకసారి, ఏ మోతా లేకుండా నీటిమట్టమే మొత్తంగా లేచి, పొడి ఇసుకను చాలా దూరం తడిపి వెనుకకు జారేది. అట్లా జారినప్పుడు, సముద్రం తగ్గిందనుకొని ముగ్గురు కుర్రవాళ్లు కిందికి దిగారు. పడవలను పైకి లాగుతున్న ఒక వృద్ధ మత్స్యకారుడు కేకవేసి వారిని వెనుకకు రప్పించాడు. మరు నిమిషంలో నీరు వారు నిలిచిన చోటును దాటి పడవలను తాకింది.

ఈ దీర్ఘతరంగాలను 1949లో వాల్టర్ మంక్ 'సర్ఫ్ బీట్' అన్నాడు. నేటి శాస్త్రజ్ఞులకు ఇవి ఇన్‌ఫ్రాగ్రావిటీ తరంగాలు. పేరు కఠినమే గాని విషయం సులభం. గాలికి పుట్టిన అలలు ఒకే ఎత్తున రావు. పెద్దవి ఒక గుంపుగా, చిన్నవి ఒక గుంపుగా వస్తాయి. పెద్ద అలల గుంపు కింద సముద్రమట్టం కాస్త అణగుతుంది. చిన్నవాటి కింద కాస్త లేస్తుంది. ఈ ఎత్తుపల్లాలే గుంపులతో కలసి నడిచే ఒక పొడవైన అల. నడిసముద్రంలో దాని ఎత్తు కొన్ని సెంటీమీటర్లే. ఒడ్డు సమీపించి పొట్టి అలలు విరిగిపోగా, ఇది వాటినుండి విడివడి ముందుకు సాగుతుంది. తుపాను ముదిరేకొద్దీ పొట్టి అలలు మరింత దూరానే విరుగుతాయి; ఒడ్డున వాటి బలం పెరగదు. దీర్ఘతరంగం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. గుజా, థార్న్‌టన్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలోని టోరీ పైన్స్ ఇసుకతీరంలో దీనిని కొలిచి, 1982లో ప్రకటించారు. పెనుతుపానులో ఒడ్డున దీని ఎత్తు మీటరును మించవచ్చు. వాలు తక్కువైన తీరాలలో దీనిదే పైచేయి. ఇసుకదిబ్బల మొదళ్లను కోయడంలోనూ దీని పాత్ర పెద్దది.

మీలో తీరగ్రామాలవారు ఉంటారు. తుపాను హెచ్చరికలలో అలల ఎత్తు మీటర్లలో చెబుతారు. ఆ అంకె ఒడ్డుకు దూరంగా లేచే అలలది. నీరు ఎంతవరకు ఎక్కుతుందన్నది మీ ఊరి ఇసుక వాలునుబట్టి కూడా ఉంటుంది.