ఆటస్థలంలో తీర్పరి ఎవరు?

మానవుడు తన కంటికి, చెవికి, చేతికి తోడుగా యంత్రాన్ని సృష్టించుకొన్నాడు. తోడుగా వచ్చిన యంత్రం క్రమంగా యజమాని స్థానాన్ని ఆక్రమించడం నేడు పలు రంగాలలో కనబడుతున్న దృశ్యం. ఆటస్థలం కూడా ఇందుకు మినహాయింపు కాలేదు. బంతి గీత దాటినదా లేదా, బ్యాటుకు తగిలినదా లేదా అని చెప్పడానికి మనిషి అవసరమే లేదని, ఆ పనిని యంత్రమే నిర్దుష్టంగా చేయగలదని వాదించేవారు నానాటికీ పెరుగుతున్నారు. మేము క్రీడాకారులం కాము. అయినా ఏళ్ల తరబడి మైదానపు అంచున నిలిచి ఆటలు చూచినవారము. ఆట ముగిసిన తరువాత సాగే తగవులు విన్నవారము. ఆ అర్హతతోనే ఈ విషయాన్ని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము.

ఈ వివాదం నేడు అమెరికాలో బేస్‌బాల్ ఆటను చుట్టుకొని ఉన్నది. మన ప్రాంతంలో ఆ ఆట ఆడేవారు తక్కువ గనుక కొంత వివరించవలసి ఉన్నది. బంతి విసిరేవాడు విసిరిన బంతి, కొట్టేవాని మోకాలికీ రొమ్ముకూ నడుమ ఒక నిర్ణీత స్థలం గుండా పోయినచో దానిని స్ట్రైక్ అంటారు. దానికి వెలుపలగా పోయినచో బాల్ అంటారు. ఆ స్థలానికి కంటికి కనబడే గీతలు లేవు. వెనుక వంగి నిలిచిన అంపైరు చూపే దానికి గీత. దక్షిణ కొరియా దేశంలో 2024 నుండి ఈ నిర్ణయాన్ని పూర్తిగా కెమెరాలకు అప్పగించినారు. యంత్రం చెవిలో చెప్పిన మాటను అంపైరు బిగ్గరగా పలుకుతాడు, అంతే. అమెరికా మరొక మార్గాన్ని ఎంచుకొన్నది. అంపైరు నిర్ణయం ఇస్తాడు. ఒప్పని ఆటగాడు యంత్రానికి అప్పీలు చేసుకొనవచ్చు. ఒక్కొక్క జట్టుకు రెండు అప్పీళ్లు. అప్పీలు నెగ్గినచో అది ఖర్చు కాదు. 2026 ఆటకాలం నుండి ఈ పద్ధతిని అమలు జరపడానికి 2025 సెప్టెంబరులో ఆమోదించినారు.

ఈ రెండు మార్గాల భేదం చిన్నది కాదు. ఒకచోట మనిషి యంత్రానికి నోరు మాత్రమే. మరొకచోట యంత్రం సాక్షి, మనిషి తీర్పరి. ఉర్దూలో గవాహ్ అనీ, మున్సిఫ్ అనీ రెండు వేర్వేరు మాటలున్నాయి. గవాహ్ ఎంత సత్యవంతుడైనా మున్సిఫ్ కాలేడు. మా అభిప్రాయమంతా ఈ రెండు మాటల నడుమనే ఉన్నది.

మన క్రికెట్‌నే పరిశీలిద్దాము. 1992 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జరిగిన టెస్టులో భారత జట్టుకు మన హైదరాబాదీ మహమ్మద్ అజహరుద్దీన్ నాయకుడు. ఆ ఆటలో సచిన్ టెండూల్కర్ పరుగు కోసం కొంత దూరం వెళ్లి వెనుదిరిగినాడు. ఆ లోపల బంతి వికెట్లను చేరినది. మైదానంలోని అంపైరు తాను నిర్ణయించక, టెలివిజన్ ఎదుట కూర్చున్న మూడవ అంపైరును అడిగినాడు. చిత్రాన్ని నిదానంగా చూచి మూడవ అంపైరు ఔటన్నాడు. టెలివిజన్ సాయంతో ఔటయిన తొలి బ్యాట్స్‌మన్ టెండూల్కరే. జరిగినదేమిటో తేల్చవలసిన ఇటువంటి సందర్భంలో మనిషి కన్ను యంత్రపు కన్నుకు సాటి రాదు. రెప్పపాటులో గీత మీద జరిగిన విషయాన్ని తేల్చడానికి యంత్రసాక్ష్యాన్ని నిరాకరించడం మూర్ఖత్వమే అవుతుంది.

మానవసహజమైన పొరపాటు కూడ ఆటలో ఒక అందమని కొందరు పెద్దలు అంటూ ఉంటారు. ప్రేక్షకునికి అది అందమే కావచ్చు, నష్టపోయినవానికి కాదు. 2008 జనవరిలో సిడ్నీ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ 30 పరుగుల వద్ద ఉండగా బంతి బ్యాటు అంచును తాకి వికెట్ కీపరు చేతిలో పడినది. అంపైరు గుర్తించలేదు. సైమండ్స్ 162 పరుగులతో అజేయుడుగా నిలిచినాడు. బంతి బ్యాటుకు తగిలిన మాట నిజమేనని అనంతరం తానే ఒప్పుకొన్నాడు. అదే ఆటలో మన వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసిన 109 పరుగులు ఓటమిలో కలిసిపోయినవి. భారత జట్టు 122 పరుగుల తేడాతో ఓడినది. ఆ తప్పిదాన్ని అందమని పిలువడానికి మాకు మనసొప్పదు.

అయితే జరిగినదానిని చూడడం వేరు, జరుగబోయేదానిని ఊహించడం వేరు. వికెట్లకు తగులవలసిన బంతిని కాలు అడ్డగించినదా అన్నది ఎల్.బి.డబ్ల్యు. ప్రశ్న. కాలు లేకుంటే బంతి ఎటు పోయేదో ఏ కన్నూ చూడలేదు, ఏ కెమెరా చూడలేదు. అంపైరు ఊహిస్తాడు; యంత్రం లెక్కవేస్తుంది. యంత్రపు లెక్క మనిషి ఊహ కంటె మేలైనదే కావచ్చు, కాని అదీ ఊహయే. ఈ సత్యాన్ని నిబంధనలు వ్రాసినవారే అంగీకరించినారు. బంతిలో సగానికి మించిన భాగం వికెట్లకు తగులనున్నదని యంత్రం చూపితే తప్ప, మైదానంలోని అంపైరు ఇచ్చిన నాటౌటు మారదు. దీనినే అంపైర్స్ కాల్ అంటారు. మెతుకు వికెట్టుకు తగిలినా తగిలినట్లే గదా అని మన విద్యార్థులు వాదించడం ఎన్నోమార్లు విన్నాము. కాని తన లెక్కలో సందేహమున్న చోట యంత్రం మనిషికి చోటిచ్చి తప్పుకొనడం మాకు వివేకంగానే తోచినది. ఈ పునఃపరిశీలన పద్ధతిని 2008లో శ్రీలంకలో భారత జట్టు ఆడిన టెస్టులలోనే తొలిసారి పరీక్షించినారు. ఆ తరువాత బంతి గమనాన్ని లెక్కించే యంత్రాన్ని మన క్రికెట్ బోర్డు తన ద్వైపాక్షిక పోటీలలో చాలాకాలం ఒప్పుకొనలేదు. 2016 నవంబరులో ఇంగ్లండుతో జరిగిన రాజ్‌కోట్ టెస్టుతో అంగీకరించినది. 2017 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ జట్టు ఉప్పల్ మైదానంలో టెస్టు ఆడేనాటికి హైదరాబాదుకు కూడ ఆ పద్ధతి వచ్చి చేరినది.

ఇక మూడవ రకం ప్రశ్న ఉన్నది: ఏది న్యాయం? దీనికి సమాధానం ఏ కెమెరాలోనూ లేదు. 2022 ఏప్రిల్‌లో మనీలాలో జరిగిన ఆసియా బ్యాడ్మింటన్ పోటీల సెమీఫైనల్‌లో మన పి.వి. సింధు జపాను క్రీడాకారిణి యామాగుచితో తలపడినది. తొలి గేమును గెలిచి, రెండవ గేములోనూ ముందంజలో ఉండగా, సర్వీసు చేయడంలో ఆలస్యం చేసినదని అంపైరు ఆమెకు ఒక పాయింటు జరిమానా విధించినాడు. ఎదుటి క్రీడాకారిణి సిద్ధంగా లేనందున ఆగితినని ఆమె విన్నవించినా ఫలితం లేకపోయినది. ఏకాగ్రత చెదరి ఆ ఆట ఓడిపోయినది. కొన్ని నెలలకు పోటీల సాంకేతిక సంఘం ఆమెకు క్షమాపణ తెలిపినది. ఆనాడు ఎన్ని సెకనులు గడిచినవో గడియారం చెప్పగలదు; ఆ ఆలస్యం న్యాయమైనదా, ఎత్తుగడయా అన్నది మనిషి మాత్రమే చెప్పగలడు. అక్కడ కావలసినది మనిషిని తొలగించడం కాదు, యోగ్యుడైన మనిషిని నిలపడం.

మనిషిని తొలగించినచో ఏమగునో వింబుల్డన్ చూపినది. సానియా మీర్జా 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి డబుల్స్ విజేతగా నిలిచిన చోటు అది. 1877లో ఆరంభమైన ఆ పోటీలలో 2025 నుండి గీతల వద్ద మనుషులు లేరు. బంతి వెలుపల పడినదీ లేనిదీ యంత్రమే పలుకుతుంది. ఆ ఏడాదే ప్రధాన కోర్టులో ఒక మహిళల ఆటలో బంతి గీతకు వెలుపల పడినది. యంత్రం పలుకలేదు, నిర్వాహకులలో ఎవరో పొరపాటున దానిని ఆపివేసి ఉన్నారు. అప్పుడు కుర్చీలోని అంపైరు బంతి వెలుపల పడినదని తానుగా ప్రకటించక, ఆ పాయింటును మరల ఆడించినాడు. యంత్రం మూగపోవడం మమ్ములను అంతగా కలవరపెట్టలేదు; యంత్రాలు అప్పుడప్పుడు ఆగుతూనే ఉంటాయి. యంత్రంతో పాటు మనిషి కన్ను కూడ మూగపోవడమే కలవరపెట్టినది. వాడని కత్తి తుప్పు పట్టినట్లు, వాడని తీర్పుశక్తి కూడ మొద్దుబారిపోతుంది.

నిర్ణయాల మీద నమ్మకం సడలినపుడు యంత్రమే శరణ్యమా? 1986 నవంబరులో లాహోరులో పాకిస్తాన్, వెస్టిండీస్ జట్ల టెస్టు జరిగినది. సొంత దేశపు అంపైర్ల మీద పర్యాటక జట్లకు అనుమానాలు ముదిరిన కాలమది. ఆ ఆటకు ఇరు జట్లకూ చెందని మూడవ దేశం నుండి ఇరువురు అంపైర్లను రప్పించినారు. ఆ ఇరువురూ భారతీయులే: ఒకరు పీలూ రిపోర్టర్, మరొకరు హైదరాబాదుకు చెందిన వి.కె. రామస్వామి. భారతీయుల తీర్పునకు లాహోరులో పాకిస్తాన్ జట్టు తలవంచినది. యంత్రం తీర్పును ఒప్పుకొనడానికి విశ్వాసం అక్కరలేదు. మనిషి తీర్పును ఒప్పుకొనడానికి విశ్వాసం కావాలి. ఆ విశ్వాసం ఇరుగు పొరుగులకు ఎంత అవసరమో రెండు భాషలు ఒకే బల్ల మీద కూర్చుండే మన కళాశాలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు పెద్ద మైదానాల సంగతి చెప్పినాము. మన మెదక్ సంగతేమి? ఇక్కడ గీతలు సున్నంతో వేస్తాము; రెండవ ఎండకే అవి చెరిగిపోతాయి. ఒక సంవత్సరం తరగతుల నడుమ జరిగిన పోటీలో చివరి ఓవరులో ఒక విద్యార్థిని ఉర్దూ అధ్యాపకులొకరు రనౌటుగా ప్రకటించినారు. వెంటనే వేపచెట్టు నీడ నుండి ఒక బాలుడు ఫోను పట్టుకొని పరుగెత్తి వచ్చినాడు. "సార్, వీడియోల సాఫ్ కనవడ్తున్నది, బ్యాటు లోపల్నే ఉన్నది" అన్నాడు. ఇరువదిమంది గుమిగూడి చూచినారు. సగంమంది లోపలన్నారు, సగంమంది వెలుపలన్నారు. ఆ అధ్యాపకులు కోపించలేదు. "నేను గీతకు ఎదురుగ నిలబడ్డ బేటా. నీ ఫోను యాడ నిలబడ్డదో గది చెప్పు" అని మాత్రం అన్నారు. ఏటవాలుగా తీసిన చిత్రంలో గీతయు, బ్యాటూ, వికెట్లూ సరియైన తావున కనబడవన్న సంగతి అప్పుడు అందరికీ స్ఫురించినది. ఔటయిన విద్యార్థి తలవంచుకొని బయటికి నడిచినాడు.

ఆట ముగిసినది, కాని దాని ఫలితం ముగియలేదు. మరుసటి సంవత్సరం అంపైరుగా ఎవరు నిలుస్తారని అడిగితే ఒక్క చేయి లేవలేదు. "ఎవరు తిట్లు పడ్తరు సార్, వీడియో తీసి గ్రూపుల పెడ్తరు" అన్నాడొక విద్యార్థి. ఆ మాట మమ్ములను ఆలోచింపజేసినది. పెద్ద ఆటలలోని ఖరీదైన యంత్రాలు మన పట్టణానికి రావు. కాని యంత్రం చెప్పినదే సత్యమన్న భావం మాత్రం యంత్రం కంటె ముందుగా వచ్చి చేరినది. యంత్రమూ లేక, మనిషి మాటకు విలువా లేక, చిన్న ఊళ్ల ఆట నడిసంద్రంలో పడిపోగలదు. రామస్వామి గాని, ఆయన తరువాతి తరంలో హైదరాబాదు నుండి అంతర్జాతీయ స్థాయికి ఎదిగిన షంషుద్దీన్ గాని, కెమెరాలు లేని మైదానాలలో తిట్లు పడి నేర్చినవారే గదా!

యంత్రం లేనినాడు ఆటను నిలిపినది ఆటగాని అంతరాత్మ. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో జరిగిన స్వర్ణోత్సవ టెస్టులో ఇంగ్లండు ఆటగాడు బాబ్ టేలర్‌ను అంపైరు ఔటుగా ప్రకటించినాడు. బంతి బ్యాటుకు తగులలేదని భావించిన భారత నాయకుడు గుండప్ప విశ్వనాథ్ అతనిని వెనుకకు పిలిచినాడు. టేలర్ నిలదొక్కుకొన్నాడు, ఇయాన్ బోథమ్ శతకం చేసినాడు, భారత్ పది వికెట్ల తేడాతో ఓడిపోయినది. ఆ ఓటమిని నేడెవరూ గుర్తుంచుకొనలేదు. ఆ పిలుపును మాత్రం మరువలేదు. అంపైరు పొరపాటును దిద్దినవాడు అక్కడ కూడ మనిషే.

కావున మేము చెప్పవచ్చినది ఇంతే. జరిగినదానికి యంత్రం సాక్ష్యం చెప్పనిండు. సందేహమున్న చోట తన లెక్క వినిపించనిండు. న్యాయమేదో మనిషి నిర్ణయించనిండు. యంత్రానికి అప్పీలు ఉండవలసినదే. మనిషిని యంత్రానికి నోరుగా మాత్రం మార్చరాదు.

కళాశాల సంఘంవారికి ఒక విన్నపం. క్రీడల నిధి నుండి బ్యాట్లు, బంతులు కొనునపుడు అంపైర్లకు రెండు తెల్లని కోట్లు కూడ కొనవలసిందిగా కోరుతున్నాము. ఆట నిబంధనలను తెలుగులోను, ఉర్దూలోను సంగ్రహంగా వ్రాయించి క్రీడాశాల గోడకు తగిలించినచో మరీ మంచిది. ఉర్దూ శాఖవారు అంగీకరిస్తే తెలుగు పాఠాన్ని సిద్ధం చేసే భారం మేము వహిస్తాము. విద్యార్థి మిత్రులారా! ఈ సంవత్సరపు పోటీలకు అంపైరు ఎవరని అడిగినప్పుడు కనీసం రెండు చేతులైనా లేవాలి. తిట్లకు వెరవని ఆ ఇద్దరి పక్షాన నిలుచుండడం తక్కిన మనందరి పని.