ఎడమచేతి తుపాకి

ఎడమచేతివాటముగల వారికి లోకములోని పనిముట్లన్నియు కొంచెము అడ్డముగా అమర్చబడియున్నట్లు తోచును. సామాన్యమైన కత్తెరను ఎడమచేత బట్టినచో గుడ్డ తెగుటకు మాఱుగా అంచులనడుమ నలుగును. వరికోత కొడవలికి పండ్లు ఒక ప్రక్కననే దిద్దబడును గనుక అదియు ఎడమచేతిలో సరిగా నడువదు. అయినను మా చిన్ననాటి పల్లెలో దీనికి ఉపాయము కష్టముగా నుండలేదు. ఎడమచేతి కూలివాడు కొలిమికడకు బోయి "నాకు పుఱ్ఱచేతి కొడవలి కావలె"నని చెప్పిన చాలును. కమ్మరి పండ్లను రెండవ ప్రక్కను దిద్ది యిచ్చుచుండెను. వెల యొక్కటియే. అక్కడ ప్రతి కొడవలియు ఎవరో ఒకరి చేతిని చూచి చేయబడినదే యగుటచే ఎడమచేయి ప్రత్యేకమైన కోరికగా నెంచబడలేదు.

యంత్రాగారములు వస్తువులను వేలకొలదిగా చేసెడి దేశమున సంగతి వేఱు. అచ్చట తయారుగానున్న వస్తువు చౌక. కొలత యిచ్చి చేయించుకొనునది అయిదారురెట్లు ప్రియము. ఎడమచేతివాడు ఈ రెంటి నడుమ నిలిచి లెక్కలు వేసికొనవలసియుండును. ఇటీవల మేము అట్టి లెక్క నొకదానిని వేసితిమి. అది కొడవలిని గూర్చినది గాదు, తుపాకిని గూర్చినది. మన పాఠశాల సంచికకు ఏదైన వ్రాయుడని సంపాదకులు కోరగా, ఎడమచేతివాటముగల బాలబాలికలు మన తరగతులలోను ఉందురు గదా యని తలచి దీనినే వ్రాయుచున్నాము.

మేము అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున కాపురముండి చాలకాలమైనది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని సవరణలను బట్టి వేట నిషేధింపబడియున్నది. ఈ రాష్ట్రమున నట్లుగాదు. తెల్లతోక జింకలు మితిమీఱి పెరిగినచో పైరులను, అడవిలోని లేతమొక్కలను తినివేయును గావున ప్రభుత్వమే అనుమతిపత్రములిచ్చి ఏటేట కొన్నిదినములను వేటకు నియమించును. క్రొత్తవారు ముందుగా శిక్షణతరగతికి బోయి పరీక్షలో గెలువవలెను. తుపాకులతో జింకలను వేటాడు దినములలో తలమీదను ఱొమ్ము వీపులమీదను కలిపి 250 చదరపు అంగుళములకు తక్కువగాకుండ మెఱయు నారింజరంగు ధరింపవలెను. 12 ఏండ్లు నిండిన పిల్లలు పెద్దవారి తోడుతో వేటకు పోవచ్చును. మా కుమార్తెకు 13 నిండినవి. తానును మాతో వచ్చెదనని పట్టుపట్టినది. ఆమెయు మావలెనే ఎడమచేతివాటము గలది.

చేయి ఎడమదైనంతమాత్రమున తుపాకియు ఎడమభుజముననే యుండవలెనను నియమము లేదు. అసలు చూడవలసినది కన్ను. రెండుచేతులను ముందునకు చాచి, అఱచేతుల నడుమ చిన్నసందు చేసి, ఆ సందులోనుండి దూరముననున్న స్తంభము నొకదానిని రెండుకన్నులతో చూడుడు. పిమ్మట ఒక్కొక్క కన్నును మూయుడు. ఏ కన్ను తెఱచియున్నపుడు స్తంభము సందులోనే నిలుచునో ఆ కన్ను ప్రధానమైనది. మా కుమార్తెకు చేయియు కన్నును రెండును ఎడమవే. ఆమెకు కుడిభుజమునుండి కాల్చుట నేర్పవలెనన్నచో మంచికన్నును మూయించి రెండవదానితో పని చేయింపవలెను. మేము ఎన్.సి.సి.లో నున్నపుడు అట్లే నేర్చితిమి. .22 తుపాకి, బోల్టు కుడివైపున, వరుసలోని వారందఱును కుడిభుజమునకే ఆనించిరి. కాగితముమీద మా గుండ్లు తగిలిన చోటులను చూచి హవల్దారుగారు, "ఇది గుఱియా, మశూచికమా?" యని నవ్విరి.

ఇచ్చట ఒక చిన్నమాట. సవ్యమనగా సంస్కృతమున ఎడమ. ఎడమచేతను గూడ అల్లెత్రాటిని లాగి బాణము వేయగలవాడగుటచే అర్జునునకు సవ్యసాచియని పేరు. మనమో, సరిగా జరిగినదానిని 'సవ్యముగా జరిగిన'దని మెచ్చుకొని, ఎడమచేత అన్నము కలుపబోయిన పిల్లవానిని మాత్రము కసరుదుము. తలవెండ్రుకను గుఱిచేసి వడిసెలరాయి విసరిన తప్పని ఎడమచేతివారు బెన్యామీనీయులలో ఏడువందలమంది యుండిరని న్యాయాధిపతుల గ్రంథము చెప్పుచున్నది. అయితే నాటి వింటికి కుడియెడమలు లేవు, వడిసెలకును లేవు. బోల్టు తుపాకికి ఉన్నవి.

బోల్టు తుపాకియనగా తలుపుగడియవంటి ఉక్కుకడ్డీతో మూయబడునది. గడియపిడిని పైకెత్తి వెనుకకు లాగిన, కాలిన తూటా డొల్ల ప్రక్కసందునుండి ఎగిరిపడును. ముందునకు త్రోసి క్రిందికి దించిన, క్రొత్తతూటా గొట్టములోనికి పోవును. జర్మనీలో పౌలు మౌజరు 1898లో కుదిర్చిన అమరిక నేటికిని ఈ జాతి తుపాకులలో పెక్కింటికి మాతృక. సైనికుల కొఱకు చేసిన ఆ తుపాకికి పిడి కుడివైపున. డొల్ల యెగురునదియు కుడివైపుననే. కుడిచేతివాడు కాల్చునపుడు వాని మొగము, భుజమునకాను స్టాకునకు ఎడమప్రక్కనుండును. గాన ఆ సందువలన వానికి భయము లేదు. ఎడమచేతివాని మొగము స్టాకునకు కుడిప్రక్కన, ఆ సందునకు సరిగా వెనుకనుండును.

డొల్ల పగులుటయు, దాని అడుగునుండు ప్రైమరు చిల్లిపడుటయు అరుదు. అరుదైనను జరుగును, అప్పుడు వేడివాయువు బయటికి వచ్చు త్రోవలలో ఆ సందు ఒకటి. కొన్నియేండ్లక్రిందట గుఱిమైదానమున ఎరువుతెచ్చిన కుడిబోల్టు తుపాకిని ఎడమభుజమునుండి కాల్చుచుండగా మాకే ఇట్లు జరిగినది. ముక్కుమీదను, కంటియద్దములమీదను నల్లని మసి చిమ్మినది. అద్దములుండుటచే కన్ను నిలిచినది. తుపాకి యెవరిదో, తూటా యెవరు చేసినదో ఇచ్చట చెప్పనేల? మా కుమార్తె ఆ మసిని చూడలేదు గాని ఆమె తల్లి చూచినది. కావున కుడిబోల్టు తుపాకిని చౌకగా కొని సర్దుకొందమను మాట మా యింట తలయెత్తనేలేదు.

ఇంకొక కారణమును గలదు. కుడిబోల్టును ఎడమచేత తీయవలెనన్న ఆ చేతిని పట్టునుండి వదలి, తుపాకిపైనుగా దాటించి, ఆవలిప్రక్కనున్న పిడిని అందుకొనవలెను. ఇంతలో చెంప స్టాకునుండి లేచును. దుర్భిణిలో జింక కానరాదు. మొదటిగుండు సరిగా తగులక జింక గాయపడిపోవుచున్నపుడు రెండవగుండు వెంటనే వేయుట వేటకాని ధర్మము. ఆ క్షణమున జంతువును వెదకికొనుచు కూర్చుండుట క్రూరము. అయితే న్యాయముగా ఒకమాట చెప్పవలెను. బల్లమీద ఇసుకసంచులపై తుపాకిని నిలిపి గుఱి కాల్చువారికి ఈ తిరుగుడు అమరికయే ఒకవిధముగా మేలు. తుపాకి సంచులపై నిలిచియుండును గనుక, ఎడమచేయి ట్రిగ్గరుకడనే యుండగా ఖాళీగానున్న కుడిచేత బోల్టు ఆడింపవచ్చును. అట్లు కోరి చేయించుకొనువారును గలరు. అడవిలో ఇసుకసంచులు లేవు.

ఇక బజారు సంగతి. అమెరికాలో సావేజివారి 110 అను తుపాకి 1958లో వెలువడినది. ఎడమచేతివారికై యంత్రాగారముననే విరివిగా చేయబడిన తొలి బోల్టు తుపాకులలో అదియొకటి. అందుకు పూర్వము ఎడమచేతివాడు పనివానికడకు పోవుటయో, కుడిదానితో కాలము గడపుటయో తప్పలేదు. నేడు కొంచెము మేలు. 2012లో వెలువడిన రూగరు అమెరికన్ తుపాకిలో ఎడమరకము అయిదాఱువందల డాలర్లకు దొరకును. ఫిన్లండులో రీహిమాకి పట్టణమున చేయబడు టిక్కా టి3ఎక్స్ సుమారు వేయి డాలర్లు. దాని బోల్టు నూనెపూసిన గాజుమీద జాఱినట్లు జాఱును. అంగడిలో దానిని పదిసార్లు తీసి వేసితిమి, అంగడివాడు ఓర్పుతో చూచుచుండెను. అయినను వెలపట్టికలో కుడిచేతివారికి పుటనిండ తూటాజాతులు వ్రాసియుండగా, ఎడమచేతివారికి రెండుమూడు పంక్తులు మాత్రమే. చిన్నస్టాకును ఎడమబోల్టును కలిసియున్నవి మఱియు తక్కువ. ఎడమచేతి పిల్లలుండరని తయారుచేయువారు అనుకొనిరేమో!

మా పొరుగున నొక వృద్ధుడున్నాడు, అరువదియేండ్లుగా వేటాడుచున్నవాడు. ఆయన సలహా ఒక్కటే: "ఒక్కసారి చేయించుము, ఆమె మనుమలకును పనికివచ్చును." ఆయన మాటపై ముప్పదిమైళ్ల దూరముననున్న తుపాకుల పనివానికడకు మా కుమార్తెను తీసికొనిపోతిమి. అతడు ఆమె మోచేతిని మడిపించి, మడతనుండి చూపుడువ్రేలి మొదటి కణుపువరకు కొలిచెను. పండ్రెండుముప్పాతిక అంగుళములు. పెద్దల స్టాకులు సామాన్యముగా పదుమూడున్నర మొదలు పదుమూడుముప్పాతికవరకు నుండును. ఒక్క అంగుళమేకదా యని తోచవచ్చును. కాని స్టాకు అంత పొడవైనచో చిన్నపిల్ల వెనుకకు వంగి తుపాకి బరువును నడుముపై మోయవలసివచ్చును, కన్నును దుర్భిణికి తగినదూరమున నిలువదు. అతడు అక్రోటుకఱ్ఱ దిమ్మెనొకటి తడిపి చూపెను. తడి తగులగానే దానిలోని నల్లని చారలు పైకి తేలినవి. స్టాకు చెంపదిమ్మ కుడిప్రక్కన దేల్చి, ఎడమ అఱచేతికి పట్టు చెక్కి, గొట్టమును స్వయముగా బిగించి యిచ్చునట. నూఱుగజములకడ మూడుగుండ్లు అఱయంగుళములో పడునట. ఎడమదగుటచే అదనముగా నేమైన నీయవలెనా యని అడిగితిమి.

"ఎడమకు ఏమియు లేదు. మీరిచ్చునది నా దినములకు" అనెను.

మా ఊరి కమ్మరియే ఎదుట నిలిచినట్లు తోచినది. అయితే ఈ కమ్మరి చెప్పిన వెల నాలుగువేల అయిదువందల డాలర్లు; గడువు పదునాలుగు నెలలు. ఆ మొత్తము మా కుమార్తె కళాశాల చదువునకై మేము ఏటేట దాచుదానితో సమానము. అయినను మనస్సు ఊగినది. చిన్ననాడు మాకు దొరకనిదానిని ఆమెకు ఇయ్యవలెనను కోరిక తండ్రులకు సహజము. అట్టి కోరిక వెలను చూడదు. ఇల్లుచేరి సంగతి చెప్పగా మా సహధర్మచారిణి అంతయు విని, "ఏమండీ, పదునాలుగు నెలలకు దీని చేయి ఇంతే యుండునా?" అని మాత్రము అడిగినది.

అక్కడ లెక్క తేలినది. పెరుగుచున్న చేతికి కొలిచి చేయించిన స్టాకు పండుగనాటికి కుట్టించిన చొక్కావంటిది. పైగా జింక గుండెయు ఊపిరితిత్తులును నుండుచోటు సుమారు ఎనిమిది అంగుళముల వెడల్పు. మా అడవులలో నూఱుగజములకు మించి చూపే సాగదు. అక్కడ అఱయంగుళపు తుపాకికిని అంగుళమున్నర తుపాకికిని గల భేదము కాగితమునకు తెలియును గాని జింకకు తెలియదు. ఆమెకు అవసరమైనవి రెండే: పిడి ఎడమవైపున నుండుట, స్టాకు పొట్టిగానుండుట. మిగిలినదంతయు మాకు అవసరము.

కడకు సావేజి 110లోనే స్టాకు పొడవును మార్చుకొనదగిన ఎడమరకమును, 6.5 క్రీడ్మూరు తూటాకు చేసినదానిని, ఎనిమిదివందల చిల్లర డాలర్లకు కొంటిమి. ప్రభుత్వపు పత్రము నింపి, పూర్వచరిత్ర విచారణ ముగిసినపిదప తుపాకి చేతికి వచ్చినది. 2007లో వెలువడిన ఈ తూటాకు భుజముమీది తాకుడు మితము. స్టాకు చివర పలకలుచేర్చి పండ్రెండుముప్పాతికనుండి పదుమూడుముప్పాతికవరకు పొడిగింపవచ్చును. చెంప ఆనుచోటును ఎత్తు చేసికొనవచ్చును. సేఫ్టీమీట బోల్టునకు వెనుక నడిమిభాగమున నుండుటచే ఏచేతి బొటనవ్రేలికైనను అందును. గొట్టము పెద్దమరతో బిగింపబడియుండును గనుక, ఎన్నడైన .243 గాని .308 గాని కావలెనన్నచో, డొల్ల అడుగుకొలత ఒక్కటేయగుటచే అదే బోల్టుతో గొట్టమును మాత్రము మార్పింపవచ్చును. లోపములు దాచము. స్టాకు ప్లాస్టిక్కు, వ్రేలితో తట్టిన ఖాళీడబ్బావలె మ్రోగును. బోల్టు మొదట ఇసుకలో నడచినట్లుండెను. ఇన్నూఱు తూటాలు కాలిన తరువాత కొంత నునుపైనది. మూడుగుండ్లు నూఱుగజములకడ అంగుళముంబాతికలో పడుచున్నవి.

మిగిలిన డబ్బులో కొంత మంచి దుర్భిణికి, కంటియద్దములకు, తాళముగల ఇనుపపెట్టెకు, సాధనకు వలయు తూటాలకు పోయినది. తక్కినది కళాశాల లెక్కలో చేరినది. మా కుమార్తె ఇప్పుడు చెంప లేపకయే బోల్టు ఆడించుచున్నది. మొదటి దినమున ప్రక్కన కూర్చుండి చూచితిమి. డొల్లలు ఆమెకు ఎడమగా, మాకు దూరముగా ఎగిరి పడుచుండెను. మాకది క్రొత్తగా నుండెను. ఆమెకు మాత్రము అందు విశేషమేమియు కానరాలేదు.

2019 నుండి ఇచ్చట జింకలవేట థాంక్స్‌గివింగు పండుగ తరువాతి శనివారమున ప్రారంభమగుచున్నది. "నాన్నా, నాకు ఇది యున్నది. మీకేది?" యని ఆమె అడిగినది. పనివాని దుకాణములోని అక్రోటుదిమ్మె అప్పుడప్పుడు జ్ఞాపకము వచ్చుచునే యున్నది. ప్రస్తుతమునకు ఒకనాడు ఆమెయు, ఒకనాడు మేమును అదే తుపాకితో పోవుదుము. మావంతు వచ్చిన నాటిరాత్రి స్టాకు మరలువిప్పి రెండు పలకలు చేర్చుట ఆమె పని.