ప్రొద్దుటూరు పసిడి వీధిలో కాంతి లేఖిని

రాయలసీమలో పెండ్లి కుదిరిన ఇంట ముందుగా వినవచ్చే ఊరిపేరు ప్రొద్దుటూరు. కడప జిల్లాలో, పెన్నానది ఒడ్డున వెలసిన ఈ పట్టణం పత్తికీ, పసిడికీ పేరుపొందిన వర్తక కేంద్రం. బంగారు వ్యాపారం కారణంగా దీనికి 'రెండవ బొంబాయి' అనే ముద్దుపేరు కూడ కలదు. 2024 ఫిబ్రవరిలో మా అమ్మాయి వివాహానికి నగలు కొనే నిమిత్తం నేనూ, నా శ్రీమతీ అక్కడ రెండు రోజులు గడిపాము. నగల ఎంపిక శ్రీమతి చూచుకొన్నది. ముప్పై ఏళ్లుగా కర్మాగారంలో యంత్రభాగాలపై సంఖ్యలు వేయించే పనితో సంబంధమున్న నన్ను మాత్రం ఆ నగలపై కంటికి సరిగా ఆనని ఆరు అక్షరాల సంకేతమే ఎక్కువగా ఆకర్షించింది. ఆ విశేషాలను మన ఉద్యోగ మిత్రులతో, వారి కుటుంబ సభ్యులతో పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎర్రగుంట్ల మీదుగా

రైలులో ఎర్రగుంట్ల దిగి, అక్కడినుండి బస్సులో వెళ్లాము. దారికి ఇరువైపులా నాపరాళ్ల గుట్టలు, దూరాన సిమెంటు కర్మాగారాల పొగగొట్టాలు కనిపిస్తాయి. సిమెంటు బస్తాపై ప్రమాణాల సంస్థ గుర్తుతోపాటు, నింపిన కాలం కూడ ముద్రించి ఉంటుంది. నిలువ ఉన్నకొద్దీ సిమెంటు బలం తగ్గుతుంది గనుక కొనేవారు దానిని తప్పక చూడాలి. అయితే బస్తాపై ముద్ర కొన్ని నెలలు నిలిస్తే చాలు. బంగారు నగపై ముద్ర తల్లినుండి కూతురికి, కూతురినుండి మనుమరాలికి చేరేవరకు నిలవాలి. ఒకటి సిరాతో సాధ్యం. రెండవదానికి సిరా చాలదు.

పెన్న వంతెన దాటగానే ఊరు మొదలవుతుంది. నదీతీరాన ముక్తి రామేశ్వరాలయాన్ని, పట్టణంలో కన్యకాపరమేశ్వరి ఆలయాన్ని దర్శించాము. దసరా ఉత్సవాలకు ప్రొద్దుటూరు పెట్టింది పేరు. మేము వెళ్లినది ఆ కాలం కాదు. అయినా పెండ్లిళ్ల రోజులు గనుక అంగళ్ల వీధిలో అడుగు తీసి అడుగు వేయడం కష్టమైంది.

గీటురాయి చెప్పే మాట

అద్దాల దుకాణాల వెనుక సందులో స్వర్ణకారుల పనిశాలలు ఉన్నాయి. కుంపటి, ఊదుగొట్టం, పట్టకారు, చిన్న సుత్తి - ఇంతే వారి సంపద. ఒక వృద్ధ స్వర్ణకారుడు నల్లని గీటురాయిపై గాజును గీసి, పక్కనే మచ్చు కడ్డీతో మరొక గీత గీసి, రెంటిపై ఆమ్లపు బొట్టు వేసి చూపించాడు. రంగులో తేడాను పట్టుకొనేది ఆయన కన్ను. ఆ అనుభవానికి నమస్కరించవలసిందే. కాని ఆ తీర్పు ఆ సందు దాటితే మరొకరికి సాక్ష్యం కాదు.

ఈ లోటు మా ఇంటికి తెలిసినదే. 1988లో మా బావగారి వైద్యం కోసం మా అక్కయ్య తన గాజులు అమ్మవలసి వచ్చింది. అవి వేరొక ఊరిలో 22 క్యారెట్లని చెప్పి అమ్మినవి. కరిగించి చూస్తే మచ్చు చాల తక్కువగా తేలింది. అమ్మిన దుకాణానికి వెళితే, "ఇవి మా గాజులే కావు" అన్నారు. అవి వారివేనని నిరూపించే గుర్తు ఏదీ వాటిపై లేదు. "ఒంటిమీది బంగారం కూడ నాది కాదన్నార్రా తమ్ముడూ" అని అక్కయ్య అన్న మాట నేటికీ చెవులలో ఉన్నది. సొమ్ము నష్టం కొంత. మాట చెల్లకపోవడం అంతకన్న ఎక్కువ.

నిప్పు తరువాతనే కాంతి

మన దేశంలో బంగారు నగలకు హాల్‌మార్కు పథకం 2000లో మొదలైంది. 2021 జూన్‌లో తొలుత 256 జిల్లాలలో అది తప్పనిసరి అయింది. ఆ ఏడాది జూలైనుండి ప్రతి నగకూ ఆరు అక్షరాంకెల ప్రత్యేక గుర్తింపు సంకేతం వచ్చింది. తప్పనిసరి అయినచోట్ల 2023 ఏప్రిల్ 1నుండి ఈ సంకేతం ఉన్న హాల్‌మార్కు నగలనే అమ్మాలి. రెండు గ్రాములలోపు నగలకు మినహాయింపు ఉన్నది. నగపై ఇప్పుడు మూడు గుర్తులుంటాయి: ప్రమాణాల సంస్థ త్రికోణ చిహ్నం, స్వచ్ఛత, ప్రత్యేక సంకేతం. 22కె916 అంటే వెయ్యింట 916 పాళ్లు మేలిమి అని అర్థం.

పరిచయస్థుల సాయంతో ఒక పరీక్షా కేంద్రం చూడగలిగాను. అక్కడ ముందుగా ఎక్స్-రే యంత్రంలో నగను పరిశీలిస్తారు. ఆ కిరణాలు పైపొర సంగతే చెబుతాయి. అందుచేత కొన్ని నగలనుండి కొద్దిగా గీరి తీసి అగ్నిపరీక్షకు పంపుతారు. ఆ గీరును వెండితో కలిపి సీసపు రేకులో చుట్టి, చిన్న మూసలో ఉంచి, వెయ్యి డిగ్రీలకు పైబడిన కొలిమిలో పెడతారు. సీసం భస్మమై రాగిని తనతో తీసుకొని మూసలోకి ఇంకిపోతుంది. మిగిలిన పూసను రేకుగా సాగదీసి, నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరుగుతుంది. ఇక మిగిలినది మేలిమి. దానిని తూచి లెక్క కడతారు. ఈ పరీక్షలో నెగ్గిన నగకే లేసరు గదిలో ప్రవేశం.

లేసరు యంత్రం మన టూల్ రూము బల్లపై పట్టేటంత చిన్నది. ఫైబరులో పుట్టిన పరారుణ కాంతిని రెండు చిన్న అద్దాలు అటూ ఇటూ తిప్పుతాయి. కటకం దానిని సూదిమొనవంటి బిందువుగా చేస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఈ కాంతిలో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా బంగారం తిప్పికొడుతుంది. అందుకే కాంతిని ధారగా కాక స్పందనాలుగా పంపుతారు. ఉదాహరణకు, సగటున 20 వాట్ల కాంతిని సెకనుకు 20 వేల స్పందనాలుగా విడగొట్టి, ఒక్కొక్కదానిని సెకనులో కోటివంతు కాలానికి కుదిస్తే, ఆ క్షణంలో శక్తి పది కిలోవాట్లకు చేరుతుంది. తాకిన చోట అణువంత లోహం ఆవిరై గాడి పడుతుంది. పక్కనున్న లోహానికి వేడి తగలనంత వేగం అది.

మన కర్మాగారంలో హీట్ నంబరును ఉక్కు పంచితో, సుత్తిదెబ్బతో వేయడం అందరికీ తెలిసినదే. అధిక ఒత్తిడికి లోనయ్యే భాగంపై అటువంటి దెబ్బ పగులుకు బీజం కాగలదు. గుర్తు ఎక్కడ వేయాలో డ్రాయింగులోనే నిర్దేశించేది అందుకే. బోలు గాజుపై పంచి వేస్తే సొట్ట పడుతుంది. లేసరుకు ఆ బాధ లేదు. అది నగను తాకనే తాకదు. అయితే స్టెయిన్‌లెస్ స్టీలుపై లేసరు వేడి తుప్పును ఆపే పొరను బలహీనపరచవచ్చు. కనుక ప్రతి లోహానికీ అమరిక వేరు.

సంకేతం వెనుక పద్దు

ఇక్కడొక సత్యాన్ని మరువరాదు. లేసరుకు బంగారానికీ ఇత్తడికీ భేదం తెలియదు. ఏ అక్షరాలు పంపితే వాటినే చెక్కుతుంది. యంత్రం ఉన్న ఎవరైనా ఒక సంకేతాన్ని మరొక నగపై చెక్కవచ్చు. గుర్తుకు విలువ దాని లోతువల్ల కాక, దాని వెనుకనున్న పరీక్షవల్ల, పద్దువల్ల వస్తుంది. ప్రమాణాల సంస్థవారి 'బీఐఎస్ కేర్' అనే ఫోను సాధనంలో సంకేతం నమోదు చేస్తే నగల వ్యాపారి, పరీక్షా కేంద్రం, నగ రకం, స్వచ్ఛత కనిపిస్తాయి. చేతిలో గొలుసు ఉండి ఫోనులో ఉంగరమని వస్తే జాగ్రత్త పడాలి. మా శ్రీమతి భూతద్దం అడిగి తీసుకొని, ప్రతి వస్తువునూ అలా సరిచూచిన పిదపనే డబ్బు చెల్లించింది.

తిరిగి వచ్చేముందు ఆ వృద్ధ స్వర్ణకారుని అభిప్రాయం అడిగాను. "మంచిదే సార్. మోసం తగ్గుతుంది. కాని మా తాత కాలంలో పనివాని పేరే ముద్ర. ఇప్పుడు ఆరక్షరాలలో మా పేరు లేదు కదా" అన్నాడాయన. "ఆచారిగారూ, మీ పనితనం చూపుకే తెలుస్తుంది. తెలియనిది లోపలి మేలిమి. ఆ అక్షరాలు దానికోసమే" అన్నాను. ఆయన నవ్వాడు గాని, పూర్తిగా ఒప్పుకొన్నట్లు తోచలేదు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉన్నది.

పాఠకులకు నాలుగు మాటలు. నగ కొన్నప్పుడు మూడు గుర్తులనూ చూడండి. సంకేతాన్ని సరిచూడండి. బరువు, స్వచ్ఛత, మజూరీ విడివిడిగా రాసిన రసీదు అడిగి భద్రపరచండి. స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ లోటు విలువకు రెట్టింపు మొత్తాన్ని, పరీక్ష ఖర్చును పొందే వీలు నిబంధనలలో ఉన్నది. పాత నగలకు భయపడనక్కరలేదు. వాటిని అమ్ముకొనవచ్చు. రుసుము చెల్లించి పరీక్ష చేయించుకొనవచ్చు.

మన విభాగాలలో నంబరు వేసే సోదరులకు మరొక మాట. మనం వేసే ప్రతి సంఖ్యా ఒక హామీయే. పరీక్ష పూర్తికాని భాగంపై సంఖ్య పడితే, ఎన్నో ఏళ్ల తరువాత ఎక్కడో ఒక విద్యుత్ కేంద్రంలో ఎవరో దానిని నమ్మి బిగిస్తారు. "ఇది మాది కాదు" అనే అవకాశం ఆ సంఖ్య మనకు ఇవ్వదు. ఇవ్వకపోవడమే దాని గొప్పతనం.