ఊరు మునిగిన చోట

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. కానీ మానవుని అవసరం నీటి సహజగమనాన్ని సైతం మార్చగలదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల నడుమ నెలకొన్న డిలన్ జలాశయం ఇందుకు నిదర్శనం. సముద్రమట్టానికి సుమారు 9,000 అడుగుల ఎత్తున, మంచు శిఖరాల నీడలో ఆ నీలిజలాలు కనువిందు చేస్తాయి.

వేసవి రాగానే ఆ నీటిపై తెరచాప పడవలు బారులు తీరుతాయి. కొండగాలి ఏ క్షణాన ఏ దిక్కుకు మళ్లుతుందో తెలియదు. అందుచేత అక్కడ పడవ నడపడం నేర్పునే కాక ఓర్పును కూడా అలవరుస్తుంది. ఒడ్డు వెంబడి సైకిలు బాటపై యువకులూ, వృద్ధులూ విహరిస్తారు. శీతకాలంలో నీరు గడ్డకట్టాక మంచుపలకకు రంధ్రం చేసి, చేపల కోసం గాలం వేసి నిరీక్షించేవారూ ఉన్నారు.

ఇన్ని వినోదాలున్న ఆ జలాశయంలో ఈతకు మాత్రం అనుమతి లేదు. కారణం, అది డెన్వర్ నగర ప్రజల తాగునీరు. పర్వతశ్రేణికి పడమటి వాలున ప్రవహించే నీరు పసిఫిక్ వైపు, తూర్పు వాలున ప్రవహించే నీరు అట్లాంటిక్ వైపు సాగుతుంది. జలాశయం పడమటనూ, నగరం తూర్పుననూ ఉన్నాయి. అందువల్ల కొండల గర్భాన్ని తొలిచి, సుమారు 37 కిలోమీటర్ల పొడవున సొరంగం నిర్మించారు. అది 1962లో పూర్తయింది. మరుసటి ఏడు బ్లూ నదిపై మట్టి ఆనకట్ట సిద్ధమైంది. దాని వెనుక సుమారు 11 టి.ఎం.సి.ల నీరు నిలుస్తుంది.

ఆ నీటి అడుగున ఒకప్పుడు ఒక ఊరు ఉండేది. దాని పేరే డిలన్. మూడు ప్రవాహాలు కలిసే చోట వెలసిన ఆ ఊరిని 1961 నాటికి ప్రజలు ఖాళీ చేయవలసి వచ్చింది. కొన్ని కట్టడాలను పెకలించి వేరే చోటికి తరలించారు. పూర్వీకుల సమాధులను సైతం తవ్వి మిట్టకు చేర్చారు. నేటి డిలన్ పట్టణం ఆ ఒడ్డున కొత్తగా వెలసినదే.

2002లో తీవ్రమైన అనావృష్టి సంభవించింది. నీటిమట్టం పడిపోయి, అలలాడిన చోట బురదనేల బయటపడింది. పడవల రేవులు వెలవెలబోయాయి. నగరంలో ఇంటి ముందటి పచ్చికకు నీరు పెట్టడంపై ఆంక్షలు వచ్చాయి. కొండమీది విహారానికీ, నగరంలోని పచ్చికకూ గల సంబంధం అప్పుడు తేటతెల్లమైంది.

ఒక ఊరు తన నేలను అర్పించింది సాటివారి దాహం తీర్చడానికే గాని, పచ్చికను పెంచడానికి కాదు. కుళాయి తిప్పే చేతికి ఆ ఊరు కనిపించదు. కనిపించని ఆ త్యాగాన్ని స్మరించి, ప్రతి బొట్టునూ పొదుపుగా వాడుకోవడమే దానికి తగిన కృతజ్ఞత.