రూల్ నంబర్ 9

ఇంట్లో సీఎస్ఈ చదివే పిల్లాడు ఒకడుంటే అపార్ట్‌మెంట్ మొత్తానికి ఉన్నట్టే. ప్రింటర్ ఆగిపోయినా, వైఫై రాకపోయినా, పక్క ఫ్లాట్ తాతగారి ఫోన్‌లో ఫోటోలు మాయమైనా పిలుపు మనకే. మొన్న మే నెలలో సెమ్ ఎగ్జామ్స్ అయ్యి హైదరాబాద్‌లో ఇంటికి వెళ్లిన మూడో రోజే మా అసోసియేషన్ సెక్రటరీ అంకుల్ ఫోన్ చేశారు. "స్విమ్మింగ్ పూల్ రూల్స్ కొత్తగా పెడుతున్నాం. నువ్వు కంప్యూటర్స్ కదా, నీట్‌గా టైప్ చేసి ఫ్లెక్సీకి ఇవ్వు" అన్నారు.

సరే అన్నా. ఆయన వాట్సాప్‌లో పంపిన ఫోటోలో చేత్తో రాసిన 14 పాయింట్లున్నాయి, అన్నీ ఇంగ్లీషులో. టైమింగ్స్ ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8:30. అందులో 4 నుంచి 5:30 పిల్లలకి. 11 నుంచి 12 ఆడవాళ్లకి మాత్రమే. (ఆ టైమ్‌లో మా అమ్మ బ్యాంకులో ఉంటుంది. పైఫ్లోర్ ఆంటీ స్కూల్లో పాఠం చెప్తూ ఉంటారు. ఆ గంట ఎవరి కోసమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.) సోమవారం సెలవు. దిగే ముందు షవర్ తప్పనిసరి. కాటన్ బట్టలు వద్దు. టోపీ పెట్టుకోవాలి. 12 ఏళ్ల లోపు పిల్లలతో పెద్దవాళ్లు ఉండాలి. ఉరుములొస్తే బయటికి వచ్చేయాలి. లైఫ్‌గార్డ్ లేరు, మీ రిస్క్ మీదే. 9వ పాయింట్: పనివాళ్లు, డ్రైవర్లు, ఆయాలు, స్టాఫ్, వాళ్ల కుటుంబాలు పూల్ వాడటానికి అనుమతి లేదు.

పావుగంటలో టైప్ చేసేశా. 9వ పాయింట్ దగ్గర నా వేళ్లు ఆగాయని చెప్తే అబద్ధం. ఆగలేదు. దాని పక్కన ఉన్న టోపీ రూల్ లాగానే అదీ ఒక లైన్.

అప్పుడే అంకుల్ మళ్లీ ఫోన్ చేశారు. "తెలుగులో కూడా ఒకటి చెయ్యి. స్టాఫ్‌కి కూడా అర్థం కావాలి కదా."

ఇక్కడ నా తెలుగు గురించి చెప్పాలి. ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. పదో తరగతి వరకు తెలుగు సెకండ్ లాంగ్వేజ్. ఇంటర్‌లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నా. మాట్లాడటం ఓకే, రాయాలంటే శ, ష, స దగ్గరే ఆగిపోతా. మన క్లబ్‌లో చేరింది కూడా ఆ సిగ్గుతోనే.

ఒక్కో రూల్ తెలుగులోకి మారుస్తుంటే ఇంగ్లీషులో కనిపించనివి కనిపించడం మొదలైంది. లైఫ్‌గార్డ్ పాయింట్‌ని "మీ ప్రాణాలకు మీరే బాధ్యులు" అని రాస్తే బెదిరింపు లెటర్‌లా ఉంది. షవర్ రూల్ "ఒళ్లు కడుక్కుని దిగండి" అని రాస్తే అమ్మ తిట్టినట్టుంది. సరే, నవ్వుకున్నా. 9వ పాయింట్‌కి వచ్చా. "పనివారికి, వారి పిల్లలకు ఈ నీళ్లలోకి ప్రవేశం లేదు." రాసి, చదివి, ఫోన్ పక్కన పెట్టేశా.

ఈ వాక్యం ఎక్కడో విన్నట్టుంది. సినిమాల్లో, పాఠాల్లో, పాత ఊళ్ల బావుల కథల్లో. అప్పట్లో అలా ఉండేవాళ్లట అని చెప్పుకునే వాక్యం.

తప్పుల్లేకుండా ఉందో లేదో ఎవరికైనా చూపించాలి. మా బ్లాక్‌లో రోజూ తెలుగు పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి ఒక్కరే: పూల్ అన్న. మిర్యాలగూడ దగ్గర పల్లె ఆయనది. సాగర్ ఎడమ కాలువలో ఈత నేర్చుకున్నాడు. ఉదయం 5 గంటలకే వచ్చి పొడుగు కర్రకి కట్టిన వలతో ఆకులు, పురుగులు తీస్తాడు. చిన్న టెస్ట్ కిట్‌తో నీళ్లు చూస్తాడు. ఒక గొట్టంలో చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, అది క్లోరిన్. ఇంకోదాంట్లో వేస్తే ఎరుపు, అది పీహెచ్. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. ఈ నంబర్లు నాకు కెమిస్ట్రీ ల్యాబ్ నేర్పలేదు, ఆయన నేర్పాడు.

రూల్స్ వెనకాల కారణాలు కూడా ఆయన దగ్గరే తెలిశాయి. కాటన్ నానితే పోగులు ఊడి ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయి. జుట్టూ అంతే, అందుకే టోపీ. పూల్ దగ్గర ముక్కుకి ఘాటుగా తగిలేది క్లోరిన్ ఎక్కువై కాదు, మన చెమట, ఉచ్చ క్లోరిన్‌తో కలిస్తే వచ్చే వాసన. "వాసన వస్తుందంటే నీళ్లు కాదు తమ్మీ, దిగినోళ్లు శుభ్రంగ లేరని" అంటాడు. మా పూల్ 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు. లెక్కేస్తే దాదాపు 90 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 18. 2024 మార్చిలో బెంగళూరులో నీళ్ల కరువొచ్చినప్పుడు అక్కడి వాటర్ బోర్డు స్విమ్మింగ్ పూల్స్‌లో తాగునీళ్లు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. అది చూసినప్పటి నుంచి మా వాళ్లు నీళ్లు పారబోయడానికి భయపడతారు. ఉన్న నీళ్లే శుభ్రం చేసుకుంటూ వాడాలి. అంటే మొత్తం అన్న చేతిలోనే ఉంది.

ఇంకో విషయం. ఆరేళ్లుగా ఈ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నా నాకు ఈత రాదు. ఈ సెలవుల్లో అన్నే నేర్పిస్తున్నాడు, గట్టు మీద నిలబడి. నేను నీళ్లలో, ఆయన బయట. గాల్లో చేతులు ఆడించి చూపిస్తాడు, నేను నీళ్లలో చేస్తా. మునిగిపోతుంటే వల ఉన్న కర్ర చాపుతాడు. ఎందుకు దిగట్లేదని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఫోన్ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లా. అద్దాలు పెట్టుకుని చదివాడు. "ప్రవేశంల శ రావాలె, నువ్వు స పెట్టినవ్." దిద్దుకున్నా. "అనుమతికి దీర్ఘం లేదు." దిద్దుకున్నా. 9వది కూడా చదివాడు. కొంచెంసేపు చూశాడు.

"ఇండ్ల తప్పేం లేదు తమ్మీ. మంచిగనే రాసినవ్" అని ఫోన్ తిరిగిచ్చేశాడు.

ఆ రాత్రి ఫైల్ పంపే ముందు ఆ లైన్ తీసేశా. ఇంగ్లీష్ ఫ్లెక్సీలో 14, తెలుగు ఫ్లెక్సీలో 13. తెలుగు బోర్డు ఓనర్లు ఎవరూ చదవరని నాకు తెలుసు. ఎవరికీ చెప్పకుండా మంచి పని చేశానని హాయిగా పడుకున్నా.

మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, నేను బగ్ ఫిక్స్ చేయలేదు. ఎర్రర్ మెసేజ్ మాత్రమే కనపడకుండా చేశా.

అన్నకి ఏడో తరగతి పూర్తయిన కూతురుంది. సెలవులు కదా, సాయంత్రాలు నాన్నతో వచ్చి మోటార్ రూమ్ మెట్ల మీద కూర్చునేది. కొత్త ఫ్లెక్సీలు కట్టిన రోజు ఆ పాప తెలుగు బోర్డు మొత్తం పైకి చదివింది. రెండోసారి వేలు పెట్టి చదివింది. మర్నాడు సాయంత్రం సరిగ్గా 4 గంటలకి, పిల్లల టైమ్‌లో, నైలాన్ లెగ్గింగ్స్ వేసుకుని, జుట్టుకి టోపీ పెట్టుకుని, షవర్ కింద నిలబడి తడిసి, మెట్లు పట్టుకుని 3 అడుగుల వైపు దిగింది. 13 రూల్స్‌లో ఒక్కటీ తప్పలేదు. అన్న అప్పుడు మోటార్ రూమ్‌లో ఉన్నాడు.

నేను బాల్కనీలో ఉన్నా. ఒక ఆంటీ అరుపు వినిపించింది. కిందికి వెళ్లేసరికి పాప ఒడ్డున నిలబడి ఉంది, నీళ్లు కారుతున్నాయి. చుట్టూ ఫ్లాట్ల పిల్లలు చూస్తున్నారు. "బోర్డులో లేదు ఆంటీ" అని అంటోంది, ఏడవకుండా. ఆంటీ ఇంగ్లీష్ బోర్డు మీద 9వ లైన్ చూపిస్తున్నారు. అన్న వచ్చి కూతుర్ని కొట్టాడు. ఆయన ఎవరినైనా కొట్టడం చూడటం నాకు అదే మొదటిసారి.

సెక్రటరీ అంకుల్ వచ్చారు. రెండు బోర్డులూ చూశారు. "ఓహ్, టైపింగ్‌లో మిస్సయినట్టుంది" అని నా వైపు చూశారు.

నేను తలూపా.

ఇంతే జరిగింది. అన్నకి నోటి వార్నింగ్ ఇచ్చారు. నేను ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నా. నా మంచితనానికి నేను పెట్టిన ఖర్చు సున్నా. బిల్లు కట్టింది ఆ పాప.

రెండు రోజుల తర్వాత మోటార్ రూమ్ దగ్గరికి వెళ్లి ఇద్దరికీ చెప్పేశా, అది మిస్సవ్వలేదు, నేనే తీసేశానని. అన్న ఏం మాట్లాడలేదు. పాపే అడిగింది.

"ఎందుకు తీసేసినవ్ అన్నా?"

"రాయడానికి సిగ్గేసింది."

"మరి ఇంగ్లీషుల రాసేటప్పుడు సిగ్గెయ్యలేదా?"

దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

తర్వాత అంకుల్‌కి కూడా చెప్పా. ఆయన కోప్పడలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "చిన్నపిల్లాడివి, వదిలెయ్" అన్నారు. వదలకుండా, రూల్ మార్చాలంటే ఏం చేయాలని అడిగా. జనరల్ బాడీ మీటింగ్‌లో పెట్టాలి, ఓనర్ రాసివ్వాలి అన్నారు. ఓనర్ అంటే నాన్న. "మనకెందుకురా, రేపు పైప్ లీకైతే వీళ్లతోనే పని" అన్నాడు నాన్న. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న డైనింగ్ టేబుల్ మీద సంతకం పెట్టిన కాగితం ఉంది.

మొదటి ఆదివారం కోరం లేక మీటింగ్ వాయిదా పడింది. రెండో ఆదివారం జరిగింది. హైజీన్ అన్నారు. క్లోరిన్‌కి ఫ్లాట్ నంబర్ తెలీదని, షవర్ తీసుకోకుండా దిగేది ఎవరో టెస్ట్ కిట్‌నే అడగమని చెప్పా. కొందరు నవ్వారు. రేపు వాళ్ల చుట్టాలందరూ వస్తారు అన్నారు. మెయింటెనెన్స్ కట్టేది మనం కదా అన్నారు, ఈ ఒక్కదానికి మాత్రం నేను సరిగ్గా బదులివ్వలేకపోయా. చివర్లో ఒక అమ్మమ్మగారు లేచి, "మా మనవరాలు మునిగిపోతుంటే గట్టు మీదున్న ఆయా దిగాలా, రూల్ చదువుకుంటూ నిలబడాలా?" అని అడిగారు.

దాంతో రూల్ మారింది. పిల్లల్ని చూసుకునే ఆయాలు, ప్రమాదం వస్తే స్టాఫ్ నీళ్లలోకి దిగొచ్చు. మిగతాది వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. అంటే మన పిల్లల్ని కాపాడటానికి దిగొచ్చు, వాళ్ల పిల్లలు ఆడుకోవడానికి దిగకూడదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టా, ఎందుకు కొట్టానో తెలీదు.

కొత్త ఫ్లెక్సీలు మళ్లీ నేనే టైప్ చేశా. ఈసారి రెండిట్లోనూ 14 రూల్స్. 9వది తెలుగులో పూర్తిగా, ఒక్క అక్షరం మెత్తబరచకుండా రాశా. అన్నకి చూపించా. ఒక చోట ఒత్తు దిద్దాడు. ఇప్పుడు ఆ బోర్డు ముందు ఓనర్లు కూడా ఆగి చదువుతున్నారు, తెలుగులో కొంచెం ఎబ్బెట్టుగా ఉందని ఒకరిద్దరు అంకుల్‌తో అన్నారట. ఉండనీ. వచ్చే ఏడాది మీటింగ్ దాకా అది అలాగే ఎబ్బెట్టుగా ఉండాలి.

జూన్ 12న బడులు తెరిచారు, పాప రావడం మానేసింది. కాలేజీకి బయల్దేరే ముందు రోజు పూల్ వెడల్పు, 20 అడుగులు, ఆగకుండా ఈదా. అవతలి గట్టు పట్టుకుని తల పైకెత్తితే అన్న కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కాళ్లు ఇంకా సక్కగ కొడుతలేవ్" అన్నాడు. "మళ్లొక్కసారి."