వయసు కదా, మామూలేలే

మా తోడికోడలికి 46 ఏళ్లు. పోయినేడాది శ్రావణం నుంచి ముట్టయితే పదిపన్నెండు రోజులదాకా ఆగేది కాదు. గంటకో ప్యాడ్ మార్చినా చాలేది కాదు, గడ్డలు గడ్డలుగా పడేది. అడిగితే, "ఈ వయసులో మామూలేలే అక్కా" అనేది. మా అత్తగారిదీ అదే మాట. పెళ్లిళ్లకి ముదురు రంగు చీరలే కట్టేది, ఎవరింటికెళ్లినా ప్లాస్టిక్ కుర్చీ వెతుక్కునేది. వంటింట్లో డబ్బాలోంచి పచ్చి బియ్యం తీసి నములుతుంటే నాకు అనుమానమొచ్చింది. ఒంట్లో ఐరన్ తగ్గితే అలా తినాలనిపిస్తుందట. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.2. ఆడవాళ్లకి 12 ఉండాలి. ఆ రక్తంతోనే ఇంటిల్లిపాదికీ మూడుపూటలా వండిపెట్టింది మరి!

దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లో, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు? గర్భసంచి తీసేద్దాం" అన్నారు. ఆ "ఇంకెందుకు" నాకు నచ్చలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల వాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 100కి 3 మంది. ఆంధ్రలో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. మనకే ఇంత తొందరేమిటో! ఆపరేషన్ తప్పనివాళ్లూ ఉంటారు, కాదనను. కానీ కారణం తెలియకుండా కోతేమిటి?

ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ స్కాన్, థైరాయిడ్ పరీక్ష రాసింది. 45 దాటింది కాబట్టి గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపింది. ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. క్యాన్సర్ లాంటిదేమీ లేదు. థైరాయిడ్ మాత్రం బాగా తేడాగా ఉంది, దాంతోనూ ఇలా ఎక్కువగా పోతుందట. దానికి మాత్రలిచ్చి, ఐరన్ నరానికెక్కించి, హార్మోను లూప్ వేసింది. మొదటి నెలల్లో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుందని ముందే చెప్పింది, అయినా మా తోడికోడలు విసుక్కుంటూనే ఉంది. మూడో నెలకి హిమోగ్లోబిన్ 10.8.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా వెంటనే చూపించమందా డాక్టరమ్మ. ఇంటికొచ్చి మా అత్తగారికి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మొన్న కార్తీకంలో నాకు కనిపించిందే" అంది. సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.